ఆకుపచ్చ గుడ్డ

ఆకుపచ్చ గుడ్డ కొనాలంటే పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవలసిన రోజుల్లో నేను దర్జీ పని చేశాను. ఈ మాట ఇప్పుడు చెబితే మా వీధి పిల్లలు నవ్వుతారు. గుడ్డకి పర్మిషనేంటి పిన్నీ, అంటారు. వినేవాళ్ళకు నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా కోపమే వస్తుంది. పాత సంగతులు తవ్వుకోవడం దేనికని మా ఆయన అంటాడు. తవ్వుకోనక్కరలేదు. అవి పైనే ఉన్నాయి.

మాది అనంతగిరి దాటాక, తారురోడ్డు వదిలి కొండ మీదికి నడిచి వెళ్ళవలసిన ఊరు. పెళ్ళికి ముందు, గిరిజన ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్నారంటే వెళ్ళి నేర్చుకున్నాను. శిక్షణ అయ్యాక తొక్కుడు మిషనొకటి ఇచ్చారు. పెళ్ళయ్యాక దాన్ని విప్పి, తల ఒక పక్కా కాళ్ళు ఒక పక్కా కావిడికి కట్టి, మా ఆయన సంత జరిగే ఊరికి మోసుకొచ్చాడు. బస్సులు ఆగేచోట రేకుల గది ఒకటి అద్దెకు దొరికింది. ముందు భాగంలో మిషను, వెనక భాగంలో పొయ్యి, పక్క. ఆయన కాఫీ తోటల్లో కూలికి వెళ్ళేవాడు. నేను రవికలు, లంగాలు, నిక్కర్లు కుట్టేదాన్ని. సంతరోజున కొండ దిగొచ్చిన ఆడవాళ్ళు కొలతలిచ్చి, మళ్ళీ సంతకి బట్టలు పట్టుకెళ్ళేవారు.

కుట్టడం ఒక్కటే నా చేతిలో ఉంది. మిగతావన్నీ కింద నుంచి రావాలి. మైదానాన్ని మేము కింద అంటాం. గుడ్డ, దారపు రీళ్ళు, హుక్కులు, బొత్తాలు, మిషను సూదులు, నూనె, ఏదీ కొండ మీద పుట్టదు. మొదట్లో అది కష్టంగా ఉండేది కాదు. బొర్రా దగ్గర పాసింజరు ఎక్కితే సొరంగాల్లోంచి చీకటీ వెలుగూ చూసుకుంటూ విశాఖపట్నంలో దిగేదాన్ని. గుడ్డల బజారులో బేరమాడి, చిన్న మూట కట్టుకుని తిరిగొచ్చేదాన్ని. ఆ మూట నెత్తిన పెట్టుకుని స్టేషను బయటికి నడిచినప్పుడు నేనూ ఒక వ్యాపారస్తురాలినని అనిపించేది.

ఆ తర్వాత ఘాట్ రోడ్డు మీద ఏదో జరిగింది. పేలిందన్నారు, కాల్చుకున్నారన్నారు. మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పింది ఒకటే, ఇకనుంచి ఏవి తేకూడదో. మలుపులో చెక్‌పోస్టు వెలిసింది, రైలు దిగేచోట కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. టార్చిలైటు సెల్లులు ఎక్కువ కొనకూడదు. టార్పాలిన్లు తేకూడదు. గుడ్డబూట్లు, జ్వరం మందులు, సెలైను సీసాలు కూడదు. బియ్యం ఇంటికి సరిపడా కంటె ఎక్కువ ఉండకూడదు. ఆకుపచ్చ గుడ్డా, ఖాకీ గుడ్డా అసలు కూడదు. ఇవన్నీ అడవిలో తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళకు చేరతాయట. ఇదంతా ఎక్కడా రాసి అంటించలేదు. నోటిమాటే. మొన్న లేని వస్తువు ఇవాళ కూడనివాటిలో చేరిపోయేది, చివరికి ఏ గుడ్డయినా, దారమైనా పట్టుకునేవారు.

మా ఊరికి అప్పటికి కరెంటు స్తంభం కూడా రాలేదు. సెల్లులు ఎందుకు కొంటున్నారని నిలదీసినవాళ్ళు, మీకు దీపాలెందుకు లేవని ఒక్కసారీ అడగలేదు. వానాకాలం వస్తే మంచానికొకరు జ్వరంతో పడి ఉండేవారు. వాళ్ళకోసం తెచ్చిన మాత్రలు చెక్‌పోస్టు బల్ల మీద కుప్పపడి ఉండేవి.

పెద్ద కొట్టున్న షావుకారుకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఆయన కింద నుంచి వచ్చి సంత ఊళ్ళో స్థిరపడ్డవాడు. ఆయన వ్యానును ఆపేవాళ్ళు కాదు. ఒకవేళ ఆపినా టీ తాగి పంపేవారు. కొద్దికాలానికి చిన్నకొట్లన్నీ ఆయన దగ్గరే సరుకు ఎత్తుకోవలసి వచ్చింది. ఆయన చెప్పిందే ధర. సైకిలు బాగుచేసేవాడు ట్యూబుకి వేసే సొల్యూషను కోసం ఆయన గుమ్మంలో నిలబడేవాడు. నేను దారం కోసం నిలబడేదాన్ని. రైల్లో వెళ్తే నాకు దొరికే రీలు, ఆయన బల్ల మీదికి వచ్చేసరికి ధర రెట్టింపయ్యేది. అదీ పాత సరుకు, లాగితే తెగిపోయేది.

అవతలివాళ్ళు కూడా నన్ను వదల్లేదు. ఒకరోజు ఎవరో కొత్త మనిషి వచ్చి, కొలతలిస్తే చొక్కాలు కుడతావా అని అడిగాడు. గుడ్డ లేదన్నాను. గుడ్డ మేం తెస్తామన్నాడు. పిల్లతల్లిని, నన్నొదిలెయ్యండి బాబూ, అన్నాను. నువ్వు ఎవరి పక్షమని అడిగి వెళ్ళిపోయాడు. నా మిషను గురించి ఇద్దరికీ అక్కర ఉంది. దాని మీద బతికే మనిషి గురించి ఎవరికీ లేదు.

షావుకారు ధర కట్టలేక మేము వేరే దారి వెతుక్కున్నాం. మా పక్కింట్లో ఉండే ఆవిడను నేను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేదాన్ని. సీతాఫలాలు, పసుపు కిందికి తీసుకెళ్ళి అమ్మేది. తిరిగొచ్చేటప్పుడు ఆమె గంపలో పాతగుడ్డల కింద నా రీళ్ళుండేవి. ఆమెతో వెళ్ళే ఆడవాళ్ళు తలా ఒక ముక్క గుడ్డ తెచ్చేవారు. ఒకావిడ నడుముకి చుట్టుకుని, ఒకావిడ చంటిబిడ్డను అందులో వేసి వీపున కట్టుకుని దిగేవారు. సూదులు కొప్పులో వచ్చేవి. దొంగసొత్తు కాదు, మా డబ్బుతో మేం కొన్నవి. అయినా దొంగల్లా తెచ్చుకున్నాం. ఒకసారి కానిస్టేబులు ఆ బిడ్డ కట్టుగుడ్డ పట్టుకు లాగితే అప్ప అడ్డం వచ్చి నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏటి సూత్తావు నాయనా, ఇప్పమంటావా?" అంది.

అతను చెయ్యి తీసేశాడు. ఇంటికొచ్చాక అప్ప ఆ సంగతి నవ్వుతూ చెప్పింది గానీ, చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేసింది.

అలాంటి రోజుల్లో చర్చివాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టలు నుంచి పిలుపొచ్చింది. పిల్లలందరికీ కొత్త లంగాలు కుట్టాలి. వాళ్ళ యూనిఫారం ముదురాకుపచ్చ లంగా, తెల్ల జాకెట్టు. తెల్లగుడ్డ వాళ్ళ దగ్గరుంది, ఆకుపచ్చది లేదు. నాకు అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. హాస్టలు చూసే టీచరమ్మను అడిగాను.

"షావుకారు దగ్గర కొంటారా అమ్మా?"

"ఆయన చెప్పే ధరకి సగం మంది పిల్లలకే వస్తాయి. నువ్వే తీసుకురా. నేను ఉత్తరం రాసిస్తాను. దాచాల్సిన పనేముంది, బడిపిల్లల బట్టలే కదా" అంది ఆవిడ.

నాకూ ఆ మాట నచ్చింది. ముక్కలు ముక్కలుగా దాచి తెచ్చుకోవడం మీద విసుగొచ్చేసింది. ఈసారి తలెత్తుకుని తెస్తాను అనుకున్నాను. అప్పటికి నా కూతురు పాలు తాగే పిల్ల. దాన్ని అప్ప దగ్గర వదిలి, తెల్లవారగానే బయల్దేరాను. హాస్టలు ఇచ్చిన డబ్బుతో ఆకుపచ్చ గుడ్డ ఒక తాను మొత్తం కొన్నాను. తిరుగు రైలు ఆలస్యమన్నారు. పిల్ల గుర్తొచ్చి బస్సెక్కాను.

చెక్‌పోస్టు దగ్గర అందరినీ దింపారు.

"ఏటమ్మా, మూటలో ఏటున్నాది?" అన్నాడు కానిస్టేబులు.

"గుడ్డ బాబూ. హాస్టలు గుంటలకి లంగాలు కుట్టాల."

మూట విప్పి రంగు చూడగానే అతని ముఖం మారిపోయింది. లోపలికెళ్ళి ఎస్సైని పిలుచుకొచ్చాడు. ఎస్సై వేరే జిల్లా మనిషి, మా మాట తీరు వింటే చిరాకుపడేవాడు. ఉత్తరం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాంటి కాగితం ఎవరైనా రాసుకోవచ్చు. నిజం చెప్పు, ఎవరికిది?"

"బడి గుంటలకి బాబూ. హాస్టలు ఈ రోడ్డు మీదే ఉన్నాది. ఓపాలి అడగండి."

"ఎవర్ని అడగాలో నువ్వు చెబుతావా? నీ మొగుడు ఏం చేస్తాడు?"

"కాఫీ తోటలో కూలి."

"అడవిలోకి ఎప్పుడెప్పుడు పోతుంటాడు?"

"కాఫీ తోట అడవిలోనే ఉంటాది బాబూ" అన్నాను.

ఎదురు మాట్లాడుతున్నానన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. నన్ను స్టేషనుకు తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటింది. పిల్ల పాలు తాగే వేళయింది. రొమ్ములు గట్టిపడి నొప్పెట్టాయి. కొంతసేపటికి పాలు కారి రవిక తడిసిపోయింది. కొంగు ముందుకు లాక్కుని, మోకాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాను. వచ్చేపోయే కానిస్టేబుళ్ళు చూస్తున్నారు. ఇంటి దగ్గర పసిపిల్ల ఉంది, పాలిచ్చి వస్తానని అడిగాను. ఎస్సై తలెత్తలేదు.

సాయంకాలం షావుకారు వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. టీ తాగుతూ నావైపు తిరిగాడు.

"నాతో చెబితే నేనే తెప్పించేవాణ్ణి కదమ్మా. ఈ తిప్పలన్నీ నీకెందుకు?"

ఆ టీ గ్లాసు అందుకుని ఆయన మీద పోస్తానేమోనని చేతులు కొంగులో దాచుకున్నాను.

పొద్దువాలాక పంపేశారు. గుడ్డ మాత్రం విచారణలో ఉంటుందన్నారు. గుడ్డకి విచారణేమిటో నాకు అర్థం కాలేదు. టీచరమ్మ స్టేషనుకు వెళ్ళి అడిగితే ఆవిడకూ అదే జవాబు. బడులు తెరిచారు. పిల్లలు చిరిగిన లంగాలకు పిన్నీసులు పెట్టుకుని తిరిగారు. ఎత్తు ఎదిగిన పిల్లలు, పాత లంగాలు పిక్కల పైకెక్కిపోతే, నడుస్తూ కిందికి లాక్కునేవారు. వాళ్ళు నా కొట్టు ముందునుంచి వెళ్తుంటే నేను తల దించుకుని కుట్టుకునేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం కానిస్టేబులు మూటతో నా కొట్టుకు వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర నా మూట విప్పినవాడే.

"పెద్దాఫీసరు ఇనస్పెక్సనుకి వత్తన్నాడు. స్టేసను కిటికీలకీ, అయ్యగారి కోటర్సుకీ కర్టెన్లు కుట్టాల. కొలతలివిగో. బేగి కావాల" అన్నాడు.

మూట విప్పాను. నా తానే. విప్పి చూసిన మడతలు కూడా సరిగ్గా వెయ్యకుండా అలాగే చుట్టి పెట్టారు.

"ఇదెక్కడిది బాబూ?" అన్నాను.

అతను బయటికి చూస్తూ, "నీకెందుకమ్మా, కుట్టమంటే కుట్టు" అన్నాడు.

అతను వెళ్ళాక చాలాసేపు ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బడిపిల్లలకైతే నేరం, కిటికీలకైతే కాదు. దాన్ని నా చేతనే కుట్టించుకుంటారు. నాకు తెలియదనుకున్నారా అంటే అదీ కాదు. తెలిసినా ఏం చెయ్యగలదు అనుకున్నారు. అదే నా ఒళ్ళు మండించింది.

చాప పరిచి గుడ్డ విప్పాను. పిల్లల కొలతలు నా దగ్గరున్నాయి. సుద్ద తీసి గీతలు గీశాను. మొదటి కత్తిరింపు వేసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. కత్తెర పడ్డాక ఇక వెనక్కి లేదు. అది కర్టెను కాదు. కత్తిరించాను. ఒకటి తర్వాత ఒకటి, తాను అయ్యేదాకా ముక్కలన్నీ కత్తిరించేశాకే లేచాను.

మా ఆయన పనినుంచి వచ్చేసరికి నేల కనబడకుండా ఆకుపచ్చ ముక్కలున్నాయి.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు.

"లంగాలు."

"కర్టెన్లు కుట్టమన్నారని అప్ప సెప్పింది."

"గుడ్డ ఎవులిది?"

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "తంతారే" అన్నాడు మెల్లిగా.

"తన్ననీ."

ఆయనకు వాళ్ళమ్మ పోలిక. ఆవిడలాగే భయపడితే మాట రాదు, పని చేస్తాడు. కత్తెర తీసుకుని వెనక్కి వెళ్ళి రాతి మీద పదునుపెట్టి తెచ్చాడు. తర్వాత కూర్చుని లంగాలకు బొందులు ఎక్కించాడు. మర్నాటినుంచి లంగాలన్నీ అయ్యేదాకా పనికి వెళ్ళలేదు. అప్ప వచ్చి పిల్లను ఎత్తుకుపోయింది. మిషను ఆగకుండా తొక్కాను. కానిస్టేబులు అటుగా రెండుమూడుసార్లు వచ్చి, మిషను చప్పుడు విని, పని జరుగుతోందని వెళ్ళిపోయాడు.

లంగాలన్నీ మూటకట్టి హాస్టలుకు తీసుకెళ్ళాను. టీచరమ్మ చూసి, "గుడ్డ వదిలేశారా?" అంది. జరిగింది చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. కోప్పడుతుందేమో, తిరిగి తీసుకుపొమ్మంటుందేమో అనుకున్నాను.

"రేపు ఆఫీసరుకి పూలివ్వడానికి మా పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టమని ఎస్సైగారే కబురుపెట్టారు. శుభ్రమైన యూనిఫారంలో ఉండాలన్నారు" అంది.

లేచి, పిల్లల్ని పిలిచి, పేరుపేరునా లంగాలు పంచింది.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబులు వచ్చాడు. "కర్టెన్లేవి?"

"లేవు. రోడ్డు మీదికెళ్ళి సూసుకోండి" అన్నాను.

పిల్లలు అప్పటికే వరసలో నిలబడ్డారు. సన్నగా వాన పడుతోంది. అతను అటు చూశాడు, నావైపు చూశాడు. "సచ్చేవే నువ్వు" అని గబగబా వెళ్ళిపోయాడు. ఎస్సై వచ్చి వరస ముందు నిలబడి ఆ లంగాలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఏమీ అనడానికి లేదు. జీపులు వచ్చేస్తున్నాయి.

పిల్లలు వానలో తడుస్తూ ఎంతసేపు నిలబడ్డారో చెప్పలేను. అంత చిన్నపిల్లల్ని అలా నిలబెట్టడం మీద కూడా నాకు మండిపోయింది. పెద్దాఫీసరు దిగి, ఒక పిల్ల చేతిలో పూలు అందుకుని, బాగుందమ్మా మీ యూనిఫారం, ఎవరు కుట్టారు, అన్నాడు. ఆ గుంట చెయ్యెత్తి నన్ను చూపించింది. ఆయన తలూపి స్టేషనులోకి నడిచాడు. చుట్టూ తుపాకులున్నాయి. ఆయన దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. స్టేషను కిటికీలకు ఆ రోజు పాత దుప్పట్లు కట్టారని తర్వాత అప్ప చెప్పింది.

ఆఫీసరు వెళ్ళిన మర్నాడు నా మిషను తీసుకుపోయారు. అడవిలోవాళ్ళకు బట్టలు కుడుతున్నానని ఫిర్యాదు వచ్చిందట. జీపు వెనక మిషను ఎక్కించేటప్పుడు పిల్లను చంకనేసుకుని అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకు నెట్టి ఎక్కించారు. మా ఆయన మాటిమాటికీ స్టేషనుకు వెళ్ళి అడిగేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబెట్టి, రేపు రమ్మనేవారు. ఒకసారి చెంప వాచి వచ్చాడు. అడిగితే తోటలో కొమ్మ తగిలిందన్నాడు. నేను నమ్మినట్టు ఊరుకున్నాను.

ఆ ఏడాది చేత్తో కుట్టాను. ఒక రవిక కుట్టేసరికి వేలి కొసలు చిల్లులు పడేవి. షావుకారు తన కొట్టు అరుగు మీద ఇద్దరు దర్జీలను కింద నుంచి తెచ్చి కూర్చోబెట్టాడు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు కొందరు అటు వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను. కొందరు మాత్రం, ఆలస్యమైనా పరవాలేదని నాకే ఇచ్చారు. టీచరమ్మ పైవాళ్ళకు అర్జీలు పెడుతూనే ఉంది. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి నా మిషను తిరిగొచ్చింది అర్జీల వల్ల కాదు. ఆ ఎస్సైకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన స్టేషను వెనక షెడ్డు ఖాళీ చేయిస్తూ, ఇదెవరిదో పట్టుకుపొమ్మనండి అన్నాడట.

వెళ్ళాం. షెడ్డు కప్పు కారి, మిషను తల మీద వానలు కురిశాయి. చక్రం తిరగలేదు. బెల్టు లేదు. కానిస్టేబులు కాగితం ఒకటి ముందు పెట్టాడు. నేను మిషనును మంచి స్థితిలో తిరిగి తీసుకున్నట్టు రాసి ఉంది.

"మంచి స్థితి ఎక్కడున్నాది?" అన్నాను.

"ఎందుకమ్మా గొడవ, ఇచ్చేత్తన్నాం కదా. సంతకం ఎట్టు."

పెన్ను తీసుకుని, సంతకానికి ముందు, తుప్పుపట్టింది, చక్రం తిరగడం లేదు, బెల్టు లేదు అని రాశాను. అతను కాగితం లాక్కోబోయాడు. మా ఆయన ఎప్పుడూ పోలీసుల ముందు నోరెత్తని మనిషి. "రాయనీండి బాబూ" అన్నాడు. కొత్త ఎస్సై లోపలినుంచి విని, రాయనివ్వండి అన్నాడు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. ఇప్పటివరకూ అనలేదు.

చక్రానికి కిరసనాయిలు పోసి, బూడిదతో తోమి, ఆయనే కదిలించాడు. బెల్టు కోసం షావుకారు దగ్గరికి వెళ్ళలేదు. రైలెక్కి కిందికి వెళ్ళి కొనుక్కుని వచ్చాను. రైలు దిగగానే ఒక కుర్ర కానిస్టేబులు నా సంచి పట్టుకున్నాడు. కొత్తవాడు, నన్నెరగడు. బెల్టు బయటికి తీసి అటూ ఇటూ లాగి చూశాడు.

"ఏటిది?"

"మిషను బెల్టు."

"దేనికి?"

"కుట్టడానికి" అన్నాను. అతని చేతిలోంచి బెల్టు నేనే తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఇంకేదో అడుగుతున్నాడు. నేను ఆగలేదు.